నాకు ఒక్కరే వినిపించారు

నీళ్ళు ఇంకా 41 రోజులకు.

పొద్దున తొట్ల మట్టం చూస్తుండగా ఎర్రదీపం వెలిగింది. ఊరిని నడిపే యంత్రం కాపరి ఏదో చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది. మాటపెట్టె కాలిపోయి పదకొండు రోజులైంది, ఇక కాపరి ఏం చెప్పినా ఇంగ్లీషులోనే చెబుతుంది. ఊరి గాలీ, నీళ్ళూ, తలుపులూ అన్నీ కాపరి చేతిలోనే ఉన్నాయి. దాని మాటను తెలుగు చేసే పెట్టె ఒక్కటి పోయేసరికి మూడు వందల మందిమి చెవిటివాళ్ళమయ్యాం.

నాలుగుసార్లు చెప్పించుకుంటే రెండు ముక్కలు దొరికాయి. ఐస్. పైప్. మంచుబావి నుంచి ఊళ్ళోకి వచ్చే గొట్టం గడ్డకట్టింది, అందుకని బావి తలుపు మూసేసింది. గొట్టాన్ని వేడిచేసి మంచు కరిగించే ఏర్పాటు ఉంది. అదీ కాపరి చేతిలోనే ఉంది.

ఊరిపెద్ద దానియేలు గారు నిబంధనల పుస్తకం తీసుకొచ్చి నిలబడే చదివారు. ప్రమాదమున్న తలుపు ఏది తెరవాలన్నా, గొట్టం ఏది వేడిచేయాలన్నా, ఆ గదిలో పేరు నమోదైన ఇద్దరు మనుషులు కాపరి ఎదుట చర్చించుకోవాలి. ఇద్దరూ ఎవరి బుర్రతో వాళ్ళు ఆలోచించి ఒక మాట మీదికి వచ్చారని దానికి నమ్మకం కుదరాలి. ఎక్కడో వేరే ఊళ్ళో ఒకాయన తెరుద్దామంటే ఇంకొకాయన తలాడించాడట. పంతొమ్మిది మంది పోయారట. అప్పట్నుంచి ఈ నిబంధన.

నీళ్ళ గదిలో పేరు నమోదైన ఇద్దరం ఎవరమంటే నేనూ, మా వదిన సువార్తమ్మా. మా ఆయనకు అక్క. అరవై ఒకటో ఏడు.

"మీ ఇద్దరూ పదో తరగతి పాసయ్యారు గదమ్మా," అన్నారు దానియేలు గారు. "అప్పట్లో ఇంగ్లీషు పేపరు ఉండేది. మీ తర్వాతోళ్ళకి అదీ లేదు."

నాకు ముప్పై తొమ్మిది మార్కులొచ్చాయి. ఆవు మీద వ్యాసం బట్టీపట్టి రాశాను. ఈ అంగారకుడి మీద పుట్టి పెరిగిన నేను ఆవును ఇప్పటిదాకా చూడలేదు.

మాటపెట్టె పోయాక ఈ దినచర్య పుస్తకాన్ని చదవడం కాపరి వల్ల కాదు. కాబట్టి ఇకనుంచి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నీళ్ళు ఇంకా 39 రోజులకు.

స్నానాలు ఆపేశారు. గిన్నెలు పొడిగుడ్డతో తుడవమన్నారు. నాచు తొట్లకు మాత్రం నీళ్ళు తగ్గించకూడదు, అవి ఎండితే తిండీ గాలీ రెండూ పోతాయి.

చదువు మొదలైంది. క్రితంసారి వచ్చిన ఓడలో భూమికి వెళ్ళిపోయిన ఇంజనీరు దంపతులు కాలక్షేపానికి చదువుకున్న సైన్సు వ్యాసాలు కాపరి దగ్గర నాలుగు వందల దాకా ఉన్నాయి. మామూలు జనం కోసం రాసినవి. వాటినే తెర మీద పెట్టి, చదివి వినిపించి, అర్థం కాని మాటకు బొమ్మ చూపిస్తుంది. వ్యాసం అయ్యాక మేమిద్దరం దాని గురించి ఇంగ్లీషులో మాట్లాడుకోవాలి. చివర్న తనకెంతమంది వినిపించారో చెబుతుంది. ఇద్దరు వినిపించేదాకా బావి తలుపు సంగతి ఎత్తదట.

నేను కొంగు తలమీద కప్పుకుని కూర్చున్నాను. అచ్చులో ఉన్నది ఏదైనా అలా చదవడమే నాకు అలవాటు. మొదటి వ్యాసం ఆక్టోపస్ అనే సముద్రపు జీవి గురించి. దానికి మూడు గుండెలట. వదిన మొదటి పేరా చదివింది, నేను రెండోది చదివాను. స్త్రీల కూడికలో బైబిలు వాక్యం చదివినట్టే ఒకరి తర్వాత ఒకరం చదివాం. ఎక్కడా తడబడలేదు.

వదిన ఇంగ్లీషులో అంది: "మూడు గుండెలు చాలా మంచిది."

నేను అన్నాను: "యెస్ వదినా. చాలా మంచిది."

కాపరి నెమ్మదిగా, మాకు అర్థమయ్యేలా చెప్పింది. "నాకు ఒక్కరే వినిపించారు."

వదిన నా వైపు తిరిగింది. "నువ్వు గట్టిగా మాట్లాడవే కృపా! ఆ గొణుగుడు మిషనుకేం వినపడుద్ది?"

నీళ్ళు ఇంకా 36 రోజులకు.

రోజుకు మూడు వ్యాసాలు. గొంతు పెంచాను, బిగ్గరగా "యెస్ వదినా" అన్నాను. ఒక్కరే. మైకుకు దగ్గరగా జరిగాను. ఒక్కరే. వదిన నన్ను ముందు మాట్లాడమంది. ఏం మాట్లాడాలో ఆమే చెప్పింది. నేను మాట్లాడాక ఆమె యెస్ అంది. ఒక్కరే.

ఇంకో బాధ ఈ వ్యాసాలతో. ఒక్కటైనా ఇది ఇంతే అని చెప్పదు. కావచ్చు. కాకపోవచ్చు. శాస్త్రవేత్తలు అలా అనుకుంటున్నారు. కొందరు ఒప్పుకోవడం లేదు. మరిన్ని పరిశోధనలు జరగాలి. తేలని సంగతి పేజీలకు పేజీలు రాయడమెందుకు, తేలాక రాయొచ్చు కదా? చిన్నప్పటినుంచి నేను చదివింది వాక్యం. చదివి తలవంచి ఆమెన్ అనుకుంటాం. ఇక్కడ దేనికి ఆమెన్ అనాలో తెలియడం లేదు.

ఇవాళ్టి వ్యాసం కుక్కలు తల ఎందుకు పక్కకు వంచుతాయనేది. ఊళ్ళో కుక్కే లేదు. వదిన మాత్రం, "మాకు తెలుసు, మా నాయన భూమ్మీద ఉన్నప్పుడు పెంచాడు, అవి దేవుడి మాట వినడానికి తల వంచుతాయి," అని ఇంగ్లీషులో కష్టపడి చెప్పింది. మామగారు కుక్కలంటే ఆమడ దూరం పరిగెత్తేవాడని మా ఆయన నాకు వందసార్లు చెప్పి ఉంటాడు.

నేను యెస్ అన్నాను.

నీళ్ళు ఇంకా 33 రోజులకు.

దానియేలు గారు పొద్దున్నే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఎంతవరకొచ్చిందమ్మా?"

"వస్తంది పెద్దయ్యా," అంది వదిన.

"మూడు వందల మంది దప్పిక మీ నోట్లో ఉంది. గుర్తుపెట్టుకోండి."

ఆయన వెళ్ళాక వదిన గది ఆ చివరినుంచి ఈ చివరకు తిరిగింది. తర్వాత ఉన్నట్టుండి చేతులు చరిచింది. "ఒసే, క్రిస్మస్ నాటిక ఎట్టా ఆడతాం? మాటలు రాసుకుని ఆడతాం గదా. దీనికి తగువే కావాలిగా, తగువు రాసుకుందాం. నేను అవునంటా, నువ్వు కాదను."

ఇద్దరం కూర్చుని రాశాం. వ్యాసం చంద్రుడి గురించి. చంద్రుడు భూమినుంచి విడిపోయిన ముక్క అని వదిన అనాలి, కాదు ఎక్కడినుంచో వచ్చి చిక్కుకున్నదని నేను అనాలి. నా మాటలు కూడా వదినే రాసింది. ఇక నేను తొట్లు కడుగుతూ, గోంగూర మళ్ళు చూసుకుంటూ బట్టీపట్టాలి.

నీళ్ళు ఇంకా 30 రోజులకు.

నాటిక ఆడాం. ఒక్క మాట పొల్లుపోలేదు. నేను "నో" అన్నచోట చెయ్యి కూడా ఊపాను, వదిన ఊపమందని.

కాపరి ఫలితం చెప్పింది. "నాకు ఒక్కరే వినిపించారు. ఆమె రెండు పాత్రలు రాసింది."

వదిన కొంగు నడుముకు దోపి లేచింది. "దీని తస్సాదియ్యా! దీనికెవరు చెప్పారే? నువ్వు చెప్పావా?"

"నేనెందుకు చెబుతాను వదినా?"

"మరి ఎట్టా కనిపెట్టింది?"

నాకూ అర్థం కాలేదు. ఇంటికెళ్ళి మా ఆయన జీవరత్నానికి చెబితే ఆయన నాచురొట్టె నములుతూ నవ్వాడు. ఆయన మాట్లాడేదే తక్కువ. "ముప్పయ్యేళ్ళ బట్టీ నేను చూస్తన్నా గదా," అన్నాడు. "నాకూ ఒక్కళ్ళే వినపడతారు."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పొద్దని మా అమ్మ నేర్పింది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పుడు నాకు ఇరవై. అత్తగారు లేరు. వదినే వంట నేర్పింది, తొట్ల పని నేర్పింది, నా పురుళ్ళు పోసింది. ఆమె మాటకు నేను అవునంటే అది భయం కాదు, మర్యాద. ఇప్పుడు ఒక యంత్రం వచ్చి నా మర్యాద లెక్కలోకి రాదంటోంది.

నీళ్ళు ఇంకా 26 రోజులకు.

ముసలివాళ్ళకు తప్ప అందరికీ నీళ్ళు సగం చేశారు, అలా చేస్తేనే ఈ రోజులైనా వస్తాయి. నాలుక అంగిలికి అంటుకుపోతోంది. అలాంటి నాలుకతో ఇంగ్లీషు.

ఇవాళ మొక్కలు పాట వింటాయా అనే వ్యాసం. వినవచ్చునని కొందరు, వినవని కొందరు. ఎప్పటిలాగే తేల్చలేదు. కానీ వదిన ముఖం వెలిగిపోయింది. ఆమె రోజూ మొదటి తొట్టి దగ్గర కుర్చీ వేసుకుని కీర్తనలు పాడుతుంది. ఆ తొట్టిలో నాచు మిగతా అయిదింటికంటే దట్టంగా పెరుగుతుంది. అది తన పాట మహిమ అని ఊరంతా చెప్పుకుంటుంది.

"నేను పాడతాను. నాచు వింటుంది. నాచు పెరుగుతుంది," అంది ఇంగ్లీషులో. ఇన్ని రోజుల్లో ఆమె సొంతంగా కట్టిన మంచి వాక్యాలు అవే.

మొదటి తొట్టి వేడిగోడ పక్కన ఉంది. ఆ గోడ వెనకాల కొలిమి గది. ఆ వెచ్చదనానికే పెరుగుతుంది. ఆమె జ్వరంతో నెల్లాళ్ళు పడుకుని ఒక్క పాటా పాడనప్పుడు కూడా అలాగే పెరిగింది. కొలతలు రాసేది నేనే కాబట్టి నాకు తెలుసు.

నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాను.

"యెస్ వదినా," అన్నాను.

నాకు ఒక్కరే వినిపించారు, నాకు ఒక్కరే వినిపించారు. ఆ గొంతు పట్టుకుని పిసకాలనిపించింది. ప్రభువా, నన్ను క్షమించు. దానికి గొంతు లేదు.

నీళ్ళు ఇంకా 24 రోజులకు.

రెండు రోజులు ప్రార్థన చేశాను. ఇవాళ అదే వ్యాసం మళ్ళీ పెట్టమని కాపరిని నేనే అడిగాను. వదిన మళ్ళీ అదే చెప్పింది.

నేను చీరకుచ్చెళ్ళ కేసి చూస్తూ అన్నాను. "నో వదినా. తొట్టి గోడ పక్కన ఉంది. గోడ వేడి. మీకు జ్వరం వచ్చింది, పాట లేదు, నాచు పెరిగింది. నేను కొలిచాను."



"నాకు ఇద్దరు వినిపించారు," అంది కాపరి.

నేను సంతోషంతో తలెత్తాను. వదిన కుర్చీలో లేదు.

నీళ్ళు ఇంకా 20 రోజులకు.

నాలుగు రోజులుగా వదిన నీళ్ళ గదికి రావడం లేదు. కబురు పెడితే తలనొప్పి అంటోంది. చర్చకు ఇద్దరు కావాలి, ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇంతకుముందు ఇద్దరం ఉన్నా ఒక్కరే వినిపించేవాళ్ళం. ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉంటే కాపరి అసలు ఎవరూ లేరంటోంది.

దానియేలు గారు నా మీద విసుక్కున్నారు. "ఇప్పుడా తల్లీ నీకు నోరొచ్చింది?"

ఇప్పుడే రావాలని మీరే కదా కూర్చోబెట్టారు, అనుకున్నాను. అనలేదు.

సాయంత్రం వదిన గదికి వెళ్ళాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"తప్పైపోయింది వదినా."

"ఏం తప్పు? నిజం చెప్పావు." ఇటు తిరగలేదు. "ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"చాలా ఏళ్ళ నుంచి."

"ఎన్నేళ్ళు?"

"మీకు జ్వరమొచ్చిన ఏడు. పంతొమ్మిదేళ్ళు."

అప్పుడు లేచి కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పంతొమ్మిదేళ్ళు నేను అక్కడ కూర్చుని గొంతు చించుకుంటంటే పక్కన నిలబడి లోపల్లోపల నవ్వుకున్నావా?"

"లేదు వదినా! ఒట్టు. మీరు బాధపడతారని..."

"ఇప్పుడు సంతోషంగా ఉన్నానా? ఊళ్ళో అందరికీ చెప్పుకున్నానే. ఒక్క ముక్క చెప్పుంటే ఆ తొట్లన్నీ గోడ పక్కకి జరిపేవాళ్ళం గదా! ఆరు తొట్లు నిండా పండేవి. నీ మర్యాద తగలెయ్య, ఎన్నేళ్ళు పిల్లలకి సగం రొట్టె పెట్టామే!"

నేను ఈ మాట ఎప్పుడూ ఆలోచించలేదు. నిజంగా ఒక్కసారీ ఆలోచించలేదు. మంచం అంచున కూర్చున్నాను.

వదిన ముక్కు చీదుకుంది. "రేపు ఏం వ్యాసమంట?" అని అడిగింది.

నీళ్ళు ఇంకా 15 రోజులకు.

అయిదు రోజుల్లో పదిహేడు వ్యాసాలు. తేనెటీగలు, తిమింగలాలు, ఆవలింతలు, పాత గడియారాలు. వదిన ప్రతిదానికీ నన్ను చూసి, "నువ్వేమంటావే?" అంటోంది. ఒప్పుకుంటే, "ఎందుకు?" అంటోంది. ఒప్పుకోకపోతే, "ఎందుకు?" అంటోంది. రోజంతా ఎందుకు, ఎందుకు. ఇంతకంటే ఆమె గదిలో పడుకున్నప్పుడే హాయిగా ఉంది.

ఆవలింత అంటువ్యాధి లాంటిదా అన్నదాని మీద ఇద్దరం అరగంట పోట్లాడుకున్నాం. నాకంత కోపం వస్తుందని నాకే తెలియదు. పోట్లాడుతూ ఇద్దరం ఆవలించాం.

వదినకు బాగా నచ్చింది వేడినీటి బుగ్గల వ్యాసం. నేలలోపల నీళ్ళు ఇరుకు సందులో చిక్కుకుని, కింద వేడెక్కి, పైకి పోయే దారి లేక, ఒక్కసారిగా ఆకాశంలోకి ఎగజిమ్ముతాయట. ఆ బొమ్మ కాపరి చేత అయిదుసార్లు వేయించుకుంది. దాహంతో ఉన్న మనిషికి అంత నీళ్ళు గాల్లోకి పోవడం చూడటం ఏం సరదానో నాకు తెలియదు.

ఇద్దరు, ఇద్దరు, ఒక్కరు, ఇద్దరు. ఇదీ ఇవాళ్టి ఫలితం. మధ్యలో ఒక్కరు ఎందుకంటే నేను అలిసిపోయి ఊరికే తలాడించాను. కనిపెట్టేసింది.

నీళ్ళు ఇంకా 8 రోజులకు.

ఎట్టకేలకు కాపరి బావి తలుపు, గొట్టం గురించి చర్చించమంది. నిబంధన ఏమిటో మళ్ళీ చెప్పింది. తను కొలతలు మాత్రమే చెబుతుంది. ఏం చెయ్యాలో మనుషులే తేల్చాలి. ఒక్కసారి తేల్చాక వెనక్కి తీసుకోవడం లేదు, ఎందుకంటే నిల్వ ఉన్న విద్యుత్తు ఒక్క ప్రయత్నానికే సరిపోతుంది.

కొలతలు ఇవి. గొట్టం పొడవునా ఇరవై గుంజలున్నాయి. ఒకటో గుంజ మన కుళాయి దగ్గర, ఇరవయ్యోది బావి దగ్గర. ఏ గుంజ దగ్గరైనా గొట్టాన్ని విడిగా వేడిచేయవచ్చు. కుళాయి నుంచి తొమ్మిదో గుంజ దాకా మంచు ఉంది. అయిదు నుంచి ఎనిమిది దాకా మరీ గట్టి మంచు. ఉన్న విద్యుత్తు పది గుంజలకు వస్తుంది.

నీళ్ళ గది కిక్కిరిసిపోయింది. దానియేలు గారు, మా ఆయన, ఇంకా సగం ఊరు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాకపోయినా, అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు.

వదిన మొదలుపెట్టింది. "మన దగ్గర మొదలు. కుళాయి తెరిచి పెట్టాలి. ఒకటి, రెండు, మూడు. నెమ్మదిగా వెళ్ళాలి."

నేను ఆ కొలతలు రాత్రంతా తలలో తిప్పుకుని వచ్చాను. "నో వదినా," అన్నాను. "గట్టి మంచు మధ్యలో ఉంది. మధ్యలో వేడి పెడదాం. నాలుగు గుంజలు చాలు. మిగతా మెత్తటి మంచును నీళ్ళే తోసేస్తాయి. మీ దారిలో తొమ్మిది కావాలి. ఒక్కటే మిగులుతుంది. తప్పు జరిగితే ఏం చేస్తాం?"

"ఇద్దరు వినిపిస్తున్నారు," అంది కాపరి. "ఇద్దరూ ఒకే నిర్ణయానికి రావాలి."

వదిన తెలుగులో అంది, "వచ్చింది తల్లీ నీకు నోరు," అని. మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళింది. నేను పొదుపు గురించి చెప్పాను, ఆమె కాదంది. ఆమె కుళాయి అంది, నేను మధ్య అన్నాను. మాటలు దొరకనప్పుడు చేతులతో చూపించుకున్నాం. ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పుడు వదిన ముందుకు వంగి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మధ్యలో మంచు కరుగుతుంది. నీళ్ళవుతాయి, వేడెక్కుతాయి. ఇటు మంచు. అటు మంచు. ఆ నీళ్ళు ఎటు పోతాయి? బుగ్గ గుర్తుందా?"



నేను అది ఇదివరకే చూశాను. బుగ్గను కాదు. రెండో తొట్టి మురుగుగొట్టం ఒక చలికాలం గడ్డకడితే, ఎవరూ లేనప్పుడు నేను కాగిన ఇసుక సంచి తెచ్చి సరిగ్గా మధ్యలో పెట్టాను. కాసేపటికి గొట్టం టప్పున చీలింది. ఎందుకు చీలిందో నాకప్పుడు అర్థం కాలేదు, పాత గొట్టం అనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. వదిన చెప్పిందే నిజం. మధ్యలో వేడి పెడితే బావి గొట్టం పగులుతుంది, ఇక ఈ ఊరికి నీళ్ళు ఉండవు.

"యెస్ వదినా," అన్నాను. మనసారా అన్నాను.

 కాపరి చెప్పింది. "నాకు ఒక్కరే వినిపించారు."

గదిలో అందరికీ ఆ ఒక్క వాక్యం మాత్రం ఇప్పటికి కంఠతా వచ్చు. దానియేలు గారు తల పట్టుకున్నారు. ఎవరో ఏడ్చారు. వదిన నా భుజం పట్టుకుని కుదిపింది. "ఏందే ఇది? ఇప్పుడు ఊరికే ఒప్పుకున్నావా? నాకు భయపడ్డావా?"

"లేదు! నిజంగానే ఒప్పుకున్నా!"

"మరి దానికి నమ్మకం కుదర్లేదే!"

కుదరకపోవడంలో తప్పేముంది? నెల రోజుల్లో అది నా నోట ఎన్ని అవునులు వింది, అందులో ఎన్ని నిజం? నిజమైన అవునుకీ, ఊరికే అన్న అవునుకీ నా గొంతులో తేడా లేదు. నాకే తెలియకుండా అలా తయారైంది.

నేను లేచి నిలబడ్డాను. నా జీవితంలో నేను అరవలేదు, పిల్లల మీద కూడా అరవలేదు. ఆ పూట ఇంగ్లీషులో అరిచాను.

"విను! నేను యెస్ అన్నది ఆమె పెద్దది కాబట్టి కాదు! ఆమె చెప్పింది నిజం కాబట్టి! రెండో తొట్టి గొట్టం నేను పగలగొట్టాను. నేనే. మధ్యలో వేడి పెట్టాను. ఇటు మంచు, అటు మంచు. నీళ్ళకు దారి లేదు. పగిలింది. నేను ఎవరికీ చెప్పలేదు. ఆమెకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. అందుకని యెస్. కానీ ఆమె చెప్పనిది ఇంకొకటి ఉంది. ఒక గుంజ దగ్గర నీళ్ళు పారి కుళాయిలోంచి వచ్చేదాకా తర్వాతి గుంజకు వెళ్ళకూడదు. ప్రతిచోటా ఆగి చూడాలి. అది నా మాట!"

చివరికొచ్చేసరికి నా గొంతు చీలిపోయింది. 

 వదిన గుమ్మం వైపు తిరిగి, తమ్ముణ్ణి చూసి తెలుగులో అరిచింది. "ఒరే రత్నం, విన్నావట్రా! ఆ రెండో తొట్టి గొట్టం పగలగొట్టింది నీ పెళ్ళామంట! నువ్వు సరిగ్గా బిగించలేదని ఆరు నెల్లు నిన్ను తిట్టి పోశా గదరా!"

మా ఆయన బిందె కింద పెట్టి నన్నే చూశాడు. "నాకు తెలుసక్కా," అన్నాడు. "ఇసక సంచి అక్కడే మర్చిపోయింది."

"మరి చెప్పవేరా!"

"మీ ఇద్దరి మధ్య నన్నెప్పుడు మాట్లాడనిచ్చారు?"

జనం నవ్వుతున్నారు, అంత దాహంలోనూ. ఆ గోలలో కాపరి మాట సగం వినపడలేదు. దానియేలు గారు అందరినీ గద్దించి ఊరుకోబెట్టి, మళ్ళీ చెప్పమని బతిమాలారు.

"ఇద్దరు," అంది కాపరి. "నిర్ణయం ఒకటి. ఎప్పుడు మొదలుపెట్టాలి?"

"ఇప్పుడే," అన్నాం ఇద్దరం.

నీళ్ళు ఇంకా 5 రోజులకు.

మూడో రోజు. ఎనిమిదో గుంజ దాకా వచ్చాం. ప్రతి గుంజ దగ్గరా ఆగి, కుళాయి కింద పళ్ళెం పెట్టి, చుక్కలు పడేదాకా చూస్తున్నాం. వదినకు ఓపిక లేదు. అయిదో గుంజ దగ్గర, "ఇంకెంతసేపే, ముందుకు పోనీ," అంది. వద్దన్నాను. ఆరో గుంజ దగ్గర నేను భయపడి ఒక పూటంతా ఆపేద్దామన్నాను. ఆమె వద్దంది, అలా ఆపితే కరిగింది మళ్ళీ గడ్డకడుతుందంది. గంట ఆపి చూస్తే ఆమె మాటే నిజమైంది.

విసుగు తగ్గిందా అంటే లేదు. ఇదివరకు ఏ పనైనా ఒక మాటతో అయిపోయేది. ఇప్పుడు కుళాయి ఎంత తిప్పాలన్నా పావుగంట పడుతోంది. నాకు యాభై ఏళ్ళు. ఈ వయసులో ఈ పని నాకెందుకు పెట్టావయ్యా అని పొద్దున ప్రార్థనలో అడిగాను.

నీళ్ళు ఇంకా 4 రోజులకు.

తొమ్మిదో గుంజ. కాపరి బావి తలుపు తెరిచింది. మధ్యాహ్నం దాటాక కుళాయి దగ్గింది. గాలి వచ్చింది, మళ్ళీ దగ్గింది, తర్వాత ఎర్రటి బురదనీళ్ళు పళ్ళెం పగిలేంత జోరుగా పడ్డాయి. వదిన కుళాయిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. నేను నేలమీద మోకరించి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. బయట నడవలో కేకలు మొదలయ్యాయి.

నీళ్ళు మెల్లగా తేరుకున్నాయి. ఎరుపు పోయి పసుపు, పసుపు పోయి తెలుపు. వదిన గ్లాసు కడిగి నింపింది. నెల పైబడిన దాహం. పెదాల దాకా ఎత్తింది.

"ఆగండి వదినా," అన్నాను. "ఇంకా వద్దు."

గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. నన్ను చూసింది, గ్లాసులోకి చూసింది. మెల్లగా కింద పెట్టింది.

"ఎందుకు?" అని అడిగింది.

గొట్టం గోడలకు ఇన్నేళ్ళుగా పట్టిన తుప్పు కదిలి ఉంటుంది, రెండు బిందెలు పారబోసి మూడోది వడగట్టి తాగాలని చెప్పాను. వదిన గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది.

"రెండు చాలవు," అంది. "మూడు పారబోద్దాం." అని బిందె అందుకుంది.